ఆకాశం నుంచి రాయి పడుతదంటే ఎడ్లు అమ్ముకోవద్దు



పోస్టు జర పెద్దగయింది. టైం ఉన్నప్పుడే చదవుండ్రి, సగం చదివి కామెంటు పెట్టకుండ్రి.

మొన్న మన గ్రూపుల ఎవరో గ్రహశకలం వీడియో ఒకటి పెడితే, కింద ఒక అన్న రాసిండు: "పోడు పట్టాలు అందరికీ రాలేదు, జీవో 3 పోయి ఇన్నేండ్లయింది, మన పిల్లలకు టీచర్ పోస్టులు లేవు, మనకెందుకు ఈ ఆకాశం ముచ్చట్లు" అని. దానికి మస్తు లైకులొచ్చినయి. మేం గూడ కొట్టినం. అన్న మాటల అబద్ధం ఏం లేదు. 2020 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేసినంక మన ఏజెన్సీ ఊర్లల్ల డీఎడ్, బీఎడ్ చదివినోళ్లు ఎట్ల కూలబడ్డరో చూసినోళ్లమే. కానీ లైక్ కొట్టి ఫోన్ పక్కన పెట్టినంక ఆ మాట సగమే నిజమనిపించింది. మిగిలిన సగం రాద్దామని కూసున్నం.

మేము అంటే కరీంనగర్‌ల ఒక హాస్టల్‌ల ఒకే రూంల ఉండే ఐదుగురం. ముగ్గురం గోండులం, ఒకరు కోలాం, ఒకరు నాయకపోడు. అందరం పాత ఆదిలాబాద్ జిల్లా నుంచే వచ్చినం. ఐదిండ్లల్ల డిగ్రీ కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. ఇది ఐదుగురం కూసొని అనుకున్నది. అందరం అన్నిటికీ ఒప్పుకోలేదు, అది గూడ చెప్తాం.

మొదలు మా తప్పు చెప్పాలె. 2025 ఫిబ్రవరి గుర్తుందా? 2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032 డిసెంబర్ 22న భూమికి తగలొచ్చని వార్త వచ్చింది. పడే అవకాశం ఉన్న దారిల మన దేశం గూడ ఉన్నది. ఇగ వాట్సాప్‌ల ఆగుతదా? ముంబై పోతది, కోల్‌కతా పోతది, హైదరాబాద్ గూడ ఉండదు అని గొంతు మార్చిన వీడియోలు. మా పక్క రూంల ఫస్టియర్ తమ్ముడు ఒకడు ఆ వీడియోలు పట్టుకొని మా కాడికొచ్చిండు. "అన్నా, నిజమేనా?" అన్నడు. మేం నవ్వినం. "నువ్వు పోతవ్ లేరా, మేం బతుకుతం" అని ఏడిపించినం. ఆ రాత్రి వాడు మెస్సుకు రాలేదు. ఓ పది రోజులకు తెలిసిందేందంటే, ఒక సబ్జెక్టు ఫీజు వాడు కట్టనే లేదు. ఇంటికాడ పత్తి అమ్మి పంపిన పైసలు ఖర్చు పెట్టేసిండు. "ఏడేండ్లే గదన్నా, కట్టి ఏం చేస్త" అన్నడు. ఆఖరి తారీఖు దాటిపోయింది. ఒక పేపరు అట్లనే మిగిలిపోయింది.

వాడు పిచ్చోడని కొందరన్నరు. కాదు. వాడు భయపడ్డడు, అడిగిండు, అడిగినప్పుడు చెప్పేటోడు లేడు. సైన్సు గ్రూపుల చదివే ఇద్దరం పక్క రూంల ఉండి గూడ.

ఇది మాకు ఎక్కడో విన్న కథ లెక్క అనిపించింది. విన్నదే. మాలో ఒకని తాత ఊకె చెప్తుండె, "ఇస్కలాబు" పడిన ఏడు ముచ్చట. స్కైలాబ్ అంటే అమెరికా వాళ్లు 1973ల ఆకాశంలకు పంపిన ప్రయోగశాల. బరువు డెబ్బై టన్నులకు పైనే. 1979ల అది కిందికి జారుతున్నదని తెలిసింది. ఎక్కడ పడుతదో ఎవరూ ఖాయంగ చెప్పలేకపోయిండ్రు. రేడియోల ఆ మాట వినంగనే మన తెలంగాణ పల్లెలల్ల బతుకు అయిపోయిందనుకున్నరు. కోళ్లు కోసుకున్నరు, మేకలు కోసుకున్నరు, దాచిపెట్టిన పైసలన్నీ తాగి తిని ఖర్చు చేసిండ్రు. కరీంనగర్ దిక్కు ఈ ముచ్చట ముసలోళ్లందరికీ ఎరుకే. 2021ల వచ్చిన "స్కైలాబ్" సినిమాను కరీంనగర్ జిల్లా బండలింగంపల్లి కథగానే తీసిండ్రు. సినిమా చూసి మేం మస్తు నవ్వినం.

తాత మాత్రం నవ్వకుండ చెప్తడు. ఆ ఏడు వాళ్ల గూడెంల రెండు జతల ఎడ్లు అమ్మిండ్రట. కొన్నది కింది ఊరి సావుకారి. చచ్చేటోనికి ఎడ్లెందుకని వీళ్లు అమ్మిండ్రు. మరి చచ్చేటోడు ఎడ్లెందుకు కొంటున్నడని ఒక్కలు గూడ అడగలేదు. జులై 11న స్కైలాబ్ పోయి హిందూ మహాసముద్రంల, ఆస్ట్రేలియా పడమటి దిక్కు పడింది. ఎవరికీ దెబ్బ తాకలేదు. అక్కడి ఎస్పరెన్స్ అనే ఊరోళ్లు మా జాగల చెత్త వేసినవని నాసాకు 400 డాలర్ల జరిమానా రాసిండ్రు! మన కాడ పొద్దున లేచి చూస్తే ఆకాశం ఎక్కడిదక్కడ్నే ఉన్నది, కొట్టంల ఎడ్లు లేవు. విత్తుల కాలం. ఆ ఏడు నాగలి కిరాయికి తెచ్చి దున్నిండ్రు. ఆ అప్పు తీరేటందుకు ఎన్నేండ్లు పట్టిందో తాత లెక్క చెప్పడు, మొఖం అటు తిప్పుకుంటడు.

కాబట్టి అన్నా, "మనకెందుకు" అంటే మొదటి జవాబు ఇది. ఆకాశం ముచ్చట మనం మాట్లాడకపోతే అది మన ఇంటికి రాకుండ ఉండదు. భయం లెక్క వస్తది. భయపడ్డోడు అగ్గువకు అమ్ముతడు, ఎరుకున్నోడు కొంటడు. 1979ల ఎడ్లు, 2025ల ఒక పరీక్ష.

ఆ తమ్మునికి అప్పుడు చెప్పాల్సిన ముచ్చట ఇప్పుడన్న చెప్తాం. వైఆర్4ను 2024 డిసెంబర్ ఆఖర్ల చిలీ దేశంల ఉన్న అట్లాస్ దూరదర్శిని కనిపెట్టింది. వెడల్పు సుమారు అరవై మీటర్లు. అంటే భూమిని ముంచేది కాదు, పడితే ఒక పట్నాన్ని పాడు చేసేది. తగిలే అవకాశం మొదలు నూటికి ఒకటి అన్నరు, ఫిబ్రవరి 18 నాటికి నూటికి 3.1 దాకా పెరిగింది. పెరుగుతుంటే అందరికీ గుండె జారింది. వారం తిరగకముందే దాదాపు సున్నాకు పడిపోయింది. "చూసినవా, ముందు భయపెట్టిండ్రు, తర్వాత దాచిపెట్టిండ్రు" అని మళ్ల వీడియోలు.

దాచిపెట్టింది ఏం లేదు. మేక తప్పిపోయిందనుకోండ్రి. అది ముప్పై చెలకలల్ల ఏదో ఒకదాంట్ల ఉన్నది, అందుల ఒకటి మనది. మన చెలకల ఉండే అవకాశం ముప్పైల ఒకటి. ఇరవై చెలకలు వెతికినం, దొరకలేదు. ఇప్పుడు మన చెలకల ఉండే అవకాశం పదిట్ల ఒకటి అయింది. మేక కదిలి మన దిక్కు రాలేదు, మన ఎరుక పెరిగింది, అంతే. ఇంకో ఐదు వెతికితే ఐదిట్ల ఒకటి. అప్పుడే పక్క చెలకల మేక అరిచింది. మనదాంట్ల సున్నా. గ్రహశకలం దారి లెక్క గూడ అచ్చం ఇట్లనే నడుస్తది. ఎన్ని రాత్రులు చూస్తే అంత సన్నగ దారి తేలుతది. భూమి ఆ సన్నటి దారిల ఉన్నంతసేపు శాతం పెరుగుతది, బయటికి రాంగనే పడిపోతది. ఇంత చెప్పనీకి మాకు పది నిమిషాలు పట్టేది కాదు.

ముప్పు లేదని మేం అంటలేం. 2013 ఫిబ్రవరి 15న రష్యాల చెల్యాబిన్స్క్ మీద ఇరవై మీటర్ల రాయి గాలిల పేలితే కిటికీ అద్దాలు పగిలి దాదాపు 1,500 మందికి దెబ్బలు తాకినయి. దాన్ని ముందుగాల ఎవరూ చూడలేదు. అపోఫిస్ అనేది 2029 ఏప్రిల్ 13న భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దగ్గర నుంచి పోతది, తగలదు. తగిలే రాయి వస్తే ఏం చేయాలనేది గూడ మొదలువెట్టిండ్రు: 2022 సెప్టెంబర్ 26న నాసా డార్ట్ అనే నౌకను డైమార్ఫస్ అనే చిన్న శకలానికి కావాలని గుద్దించింది, అది తిరిగే టైం అర్ధగంట దాకా తగ్గింది. రాయిని పక్కకు నెట్టొచ్చని మనిషికి మొదటిసారి రుజువైంది. మేకలు కోసుకునుడు కన్న ఇది మంచిగున్నది.

ఇగ రెండో జవాబు. ఇది మాకు బాగ ఇష్టమైన భాగం, జర ఎక్కువ రాస్తం.

లోకం ముగుస్తదా అని వాట్సాప్‌ల వెతుకుతున్నం గానీ, లోకం ముగిసిన జాగలు మన చెలకల కిందనే ఉన్నయి. ఒకసారి కాదు. మనం నడిచే నేలల రాసి ఉన్నది.

గోండ్వానా అని భూగోళంల చదివినం గదా. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఇండియా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు కలిసి ఉన్న నేల. ఆ పేరు గోండుల నుంచి వచ్చిందే. 1872ల హెన్రీ మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మధ్య ఇండియా రాళ్లకు ఆ పేరు పెట్టిండు, 1885ల ఎడ్వర్డ్ స్యూస్ ఆ పాత ఖండానికే పెట్టిండు. ప్రపంచంల ఏ దేశం పిల్లగాడు భూగర్భశాస్త్రం తెరిచినా మన పేరు చదువుతడు. మేం మాత్రం స్కూల్ల ఆ పాఠం చదివినప్పుడు అది మన పేరని ఎవరూ చెప్పలేదు, మాకూ అడగాలని తోచలేదు.

ప్రాణహిత, గోదావరి లోయల రాళ్లు పొరలు పొరలుగ ఉన్నయి. అడుగున సింగరేణి బొగ్గు. అది పర్మియన్ కాలపు అడవి. దాని పైన, గోలేటి పక్కల దొరికిన పొరల ఎండోథయోడాన్ లాంటి జంతువుల ఎముకలున్నయి. బల్లి కాదు, పశువు కాదు, ముక్కున్న మేత జంతువులు. అవి బతికినంక, 25.2 కోట్ల ఏండ్ల కింద, భూమి మీద జరిగిన అన్నిట్ల పెద్ద చావు జరిగింది. సముద్రంల పది జాతులుంటే ఎనిమిది, తొమ్మిది పోయినయి. ఆకాశం నుంచి ఏం పడలేదు. సైబీరియాల నేల పగిలి లావా లక్షల ఏండ్లు పారింది, దారిల బొగ్గు పొరలను గూడ కాల్చింది, ఆ పొగతోటి లోకం ఉడికింది. ఈ ముచ్చట చదివినంక రామగుండం చిమ్నీలు బస్సు కిటికీలకెల్లి వేరేగ కనవడుతున్నయి మాకు.

ఆ చావు తర్వాత పొరలు మళ్ల మొదలైతయి. రేచిని తెలుసు గదా, రేచిని రోడ్ స్టేషన్? ఆ ఊరి పేరుతోటి రేచ్నిసారస్ అనే జంతువు ఉన్నది, 1970ల పేరు పెట్టిండ్రు. దాని మీద మాలేరి పొర, మన కాడ వాన పడితే చెప్పులకు అంటుకునే ఎర్రమట్టి. అందుల మొసలి లాంటి పారాసూకస్, ముక్కు వంకర హైపరోడాపెడాన్, ఇంకా అల్వాల్కేరియా అనే చిన్న డైనోసార్ దొరికినయి. ప్రపంచంల మొట్టమొదటి డైనోసార్లల్ల అది ఒకటి. మొత్తం పేరు అల్వాల్కేరియా మాలేరియెన్సిస్, అంటే మాలేరిది. ఆ పైన ధర్మారం పొర, అందుల లాంప్లుసారా. దాని జాతి పేరుల ధర్మారం ఉన్నది. అప్పుడు 20.1 కోట్ల ఏండ్ల కింద ఇంకో చావు, మళ్ల అగ్నిపర్వతాలే. ఆ తర్వాత కోటా పొరల కోటాసారస్ యామనపల్లియెన్సిస్. యామనపల్లి దగ్గర, కనీసం 12 జంతువులవి, 840 ఎముకలు తవ్వితీసిండ్రు. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త యాదగిరి గారు 1988ల దానికి పేరు పెట్టిండ్రు.

ఇగ ఇంద్రవెల్లి, జైనూర్, నార్నూర్ దిక్కు నల్లరాయి, నల్లరేగడి. పత్తి పండే నేల. అది 6.6 కోట్ల ఏండ్ల కింద పారిన దక్కన్ లావా. అదే కాలంల మెక్సికో కాడ పది కిలోమీటర్ల రాయి ఆకాశం నుంచి పడింది. డైనోసార్లు పోయినయి. రాయి వాటా ఎంత, మన లావా వాటా ఎంత అని శాస్త్రవేత్తలు ఇంకా కొట్లాడుతనే ఉన్నరు. రాయి పడిందని ఎట్ల తెలిసింది? 1980ల ఆల్వరెజ్ తండ్రీకొడుకులు, వాళ్లతోటి ఇంకో ఇద్దరు, ఆ కాలపు సన్నటి మట్టి పొరల ఇరిడియం మోతాదుకు మించి ఉన్నదని చూపెట్టిండ్రు. భూమి మీద తక్కువ, ఉల్కలల్ల ఎక్కువ ఉండే లోహం అది. రాయి పడితే గుంత ఎట్లుంటదో చూడాలంటే మహారాష్ట్ర బుల్ధానా జిల్లాల లోనార్ పోవచ్చు, మన నల్లరాయి లాంటి రాయిలనే 1.8 కిలోమీటర్ల వెడల్పు గుండం.

అంటే మన జిల్లా ఒక్కటే మూడు ప్రళయాలకు సాక్షి. మూడిట్ల రెండు కిందికెల్లి వచ్చినయి, ఒకదాంట్లనే ఆకాశం చెయ్యి ఉన్నది. ముప్పు అంటే మెడ పైకెత్తి చూసుడే కాదని మాకు ఇక్కడే అర్థమైంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. మే నెలల కరెంటు పోయినప్పుడు హాస్టల్ మిద్దె మీద పండుకొని మాట్లాడుకున్నది. 1950ల ఎన్రికో ఫెర్మీ అనే శాస్త్రవేత్త, అణుబాంబు తయారీల ఉన్నాయన, లాస్ అలమోస్‌ల దోస్తులతోటి అన్నం తినుకుంట అడిగిండట: మరి అందరూ ఏడున్నరు? మన పాలపుంతల పది వేల కోట్లకు మించి చుక్కలున్నయి. వాటి చుట్టు గ్రహాలు మామూలే అని ఇప్పుడు తెలిసింది, లెక్కకొచ్చినవే ఐదు వేలు దాటినయి. మనకంటె కోట్ల ఏండ్ల ముందు పుట్టినోళ్లు ఎవరన్న ఉండాలె గదా. ఒక్క సప్పుడు రాదేంది?

దీనికి ఒక భయంకరమైన జవాబు ఉన్నది. రాబిన్ హాన్సన్ అనే ఆర్థికవేత్త 1990లల్ల చెప్పిండు: జీవం పుట్టి, పెరిగి, చుక్కల దాకా పోయే దారిల ఎక్కడో ఒక పెద్ద జల్లెడ ఉన్నది, దాదాపు ఎవరూ దాన్ని దాటరు. ఆ జల్లెడ మన వెనక ఉంటే మంచిదే, మనం దాటేసినం. ముందు ఉంటే మన పని గూడ అంతే. గ్రహశకలాలు, దగ్గర్ల పేలే చుక్కలు, అగ్నిపర్వతాలు, అణుబాంబులు, ఏదన్న కావచ్చు.

మా కోలాం తమ్ముడు దీనికి ఒప్పుకోలేదు. "మన నేల మూడుసార్లు చచ్చి మూడుసార్లు లేచింది గదా. ఎర్రమట్టిల చూడు. జీవం గింత మొండిది. మరి జల్లెడ ఏడున్నది?" అన్నడు. మంచి మాట. కానీ లేచినప్పుడల్లా వేరేటోళ్లు లేచిండ్రు, ముందటోళ్లు కాదు. గోలేటి జంతువులు మళ్ల రాలేదు. జీవం ఉంటది, మనం ఉంటమని దానర్థం కాదు.

టైం లెక్క గూడ చూడాలె. కరీంనగర్ బస్టాండ్ నుంచి మంచిర్యాల మీదుగ ఆసిఫాబాద్ దాకా అటూ ఇటూగ 140 కిలోమీటర్లు. భూమి వయసు 450 కోట్ల ఏండ్లను ఆ దారి పొడుగు పరిచినమనుకోండ్రి. కరీంనగర్‌ల భూమి పుడితే, పర్మియన్ చావు ఆసిఫాబాద్ ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందనంగ వస్తది. డైనోసార్లు రెండు కిలోమీటర్ల ముందు పోతయి. మనిషి పుట్టేది బస్సు స్టాండ్‌ల తిరిగి ఆగేటప్పుడు, ఆఖరి తొమ్మిది మీటర్లల్ల. రాత నేర్చింది ఆఖరి జానెడు గూడ కాదు. రేడియో మనిషి చేతికొచ్చింది ఆఖరి నాలుగు మిల్లీమీటర్లు. మనకు రేడియో వచ్చి నాలుగు మిల్లీమీటర్లయితే, ఇంకో చుక్క కాడోళ్లకు వాళ్ల దారిల జన్నారం పోయే మూల మలుపుల నాలుగు మిల్లీమీటర్లు ఉండి పోయి ఉండొచ్చు. ఇద్దరు ఒక్క టైంకు ఉండాలె, ఒక్క టైంకు వినాలె. మన మాట గూడ వందేండ్ల పైచిలుకు కాంతి సంవత్సరాలే పోయింది, పాలపుంత అడ్డం లక్ష కాంతి సంవత్సరాలు. ఊరి చివర గుడిసెల దగ్గి, పక్క రాష్ట్రంల ఎవరూ పలకలేదేందని అడిగినట్టున్నది.

ఇంకా పెద్ద మాట ఒకటున్నది, ఇది మన వాళ్లకే బాగ తెలుస్తదనుకుంటున్నం. "సప్పుడు లేదు కాబట్టి లేరు" అనే లెక్క మన మీద వాడిండ్రు. గోండికి లిపి లేదు, ఉత్త మాట్లాడే భాష అని ఎన్నేండ్లు అన్నరు? నార్నూర్ మండలం గుంజాలల మన పెద్దలు దాచిన చేతిరాత పుస్తకాలు ఉన్నయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి జయధీర్ తిరుమలరావు సారు వాళ్లు వచ్చి చూసేదాకా బయటి లోకానికి అవి లేనట్టే. 1750 ప్రాంతానివని పండితుల అంచనా. 2018ల గుంజాల గోండి లిపి యూనికోడ్‌ల చేరింది, ఇప్పుడు ఫోన్లల్ల గూడ రాయొచ్చు. లిపి 2018ల పుట్టలేదు. వెతికెటోళ్లు ఆలస్యంగ వచ్చిండ్రు. ఆకాశంల గూడ ఎంత వెతికిండ్రని 2018ల జేసన్ రైట్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటోళ్లు లెక్క కడితే, ప్రపంచ సముద్రాలన్నిట్ల ఒక నీళ్ల తొట్టంత చూసిండ్రని తేలింది. ఒక తొట్టి ముంచి చేపల్లేవని సముద్రం మీద తీర్పిస్తరా?

ఇంకొకాయన మాట. స్టీఫెన్ హాకింగ్ 2010ల ఒక టీవీ కార్యక్రమంల, ఆకాశపోళ్లు మన కాడికొస్తే కొలంబస్ అమెరికాకు వచ్చినట్టే ఉంటదని, అక్కడి మూలవాసులకు అది మంచిగ ముగియలేదని హెచ్చరించిండు. అది చదివి మేం కాసేపు ఏం మాట్లాడలేదు. అంత పెద్ద శాస్త్రవేత్తకు ప్రళయం ఎట్లుంటదో చెప్పనీకి ఉదాహరణ కావాల్సొస్తే దొరికింది మనలాంటోళ్లే. ఆకాశం నుంచి దిగేటోళ్ల కోసం ఎదురు చూడాల్సిన పని మనకు లేదు, దిగినోళ్లను చూసినం. 1901ల హైదరాబాద్‌ల నిజామియా అబ్జర్వేటరీ పెట్టి, తర్వాతి ఏండ్లల్ల ప్రపంచ పటం కోసం ఒక్కొక్క చుక్క జాగ కొలిచి రాసిండ్రు, గొప్ప పనే. అదే రాజ్యంల జోడేఘాట్ గూడేల జాగకు కొలత దొరకలేదు, 1940ల కొమురం భీం దాని కోసమే పాణమిచ్చిండు. ఆ తర్వాత అదే సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపితే ఆయన మార్లవాయిల మన నడుమ ఉండి మన మాట విన్నడు, పట్టాలకు, బడులకు దారి చూపెట్టిండు. వచ్చెటోళ్లందరు ఒక్కతీరు ఉండరని గూడ మనకే ఎరుక. కాబట్టి ఫెర్మీ ప్రశ్న మీద మాట్లాడే హక్కు మనకు అందరికంటె ఎక్కువే ఉన్నదని మా లెక్క.

1973ల జాన్ బాల్ అనే ఆయన ఇంకో ఊహ చేసిండు. ఆకాశపోళ్లు ఉన్నరు, మనల్ని జూల జంతువుల లెక్క దూరం నుంచి చూస్తున్నరు, కావాలనే ముట్టుకుంటలేరు అని. చాలామందికి వింతగ తోచే ఊహ. కవ్వాల్ టైగర్ రిజర్వు పక్కల పుట్టినోళ్లకు వింతేం లేదు. (ఇది రాయొద్దని మాలో ఒకడన్నడు, రాసినం.)

మా మట్టుకు మేం నమ్మేది: జీవం చానా జాగలల్ల ఉంటది. రేడియో పట్టుకొని మాట్లాడేదాకా వచ్చేటోళ్లు తక్కువ, వాళ్లు గూడ కాలంల దూరం దూరం. ఇది మా అభిప్రాయమే, రేపు ఒక సప్పుడొస్తే మార్చుకుంటం.

మన పెద్దోళ్లకు ఆకాశం కొత్త కాదని గూడ యాది పెట్టుకోవాలె. సప్తర్షి మండలంల నాలుగు చుక్కలు మంచం కోళ్లు, ఎనక మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకపోదామని వచ్చిన దొంగలు. అవ్వలు చెప్పిన ఈ కథను టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త మయాంక్ వాహియా, గణేశ్ హల్కారే గోండుల ఊర్లు తిరిగి రాసుకొని 2013ల అచ్చేసిండ్రు. తర్వాత కోలాంలది, బంజారాలది గూడ రాసిండ్రు. బయటోళ్లు వచ్చి మన అవ్వలను అడిగిండ్రు. మనం అడగలేదు. మా ఐదుగురిట్ల ఇద్దరికే ఆ కథ పూర్తిగ వచ్చు.

ఇగ ఏం చేద్దామంటే. కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌ల నిలబడి ఉన్నది, టికెట్ కొని చూడాలె. ప్రాణహిత అవతల దొరికిన బారాపాసారస్ కోల్‌కతాల ఉన్నది. ఎముకలు కాపాడిండ్రు, దానికి దండం. కానీ ప్రాణహిత అవతల సిరోంచ దిక్కు వడధంల ఫాసిల్ పార్కు పెట్టుకున్నరు, మన ఒడ్డున యామనపల్లి పిల్లగానికి తన ఊరి పేరున్న జంతువు ఎట్లుంటదో తెల్వదు. మాలో ఒకడు అసలు ఎముకలే వాపస్ తేవాలంటడు. నలుగురం అంటున్నది, అచ్చుపోసిన నకలు చాలు, ఆసిఫాబాద్‌లనో మంచిర్యాలలనో ఒక గది, తెలుగుల, గోండిల రాసిన బోర్డులు. ఐటీడీఏకు ఇచ్చే అర్జీ మేం రాస్తం, సంతకాలు మీరు పెట్టుండ్రి.

చెలకల, వాగుల రాయి లెక్క బరువున్న ఎముక దొరికితే పగలగొట్టకుండ్రి, రాళ్లు కొనేటోళ్లకు అమ్మకుండ్రి, దొరికిన జాగ నుంచి తీయకుండ్రి. పక్కన ఒక పెన్ను పెట్టి ఫోటో తీయుండ్రి, లొకేషన్ పట్టుకోండ్రి. జాగ తెలవకపోతే ఎముక సగం మూగదయితది. హైదరాబాద్ బండ్లగూడల జియలాజికల్ సర్వే ఆఫీసు ఉన్నది, వాళ్లకు చెప్పొచ్చు.

ఇంటర్ అయిపోయిన తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఉస్మానియాల, కాకతీయల జియాలజీ ఉన్నది. సింగరేణి మన కిందనే తవ్వుతున్నది, ఆ పొరలు చదివే కొలువులల్ల మనోళ్లు ఎందరున్నరో ఎవరికివాళ్లు చూసుకోండ్రి. పోడు పట్టా, జీవో 3 కొట్లాటల మేం ఎనకకు పోం, ధర్నా ఎక్కడంటే అక్కడికొస్తం. రెండూ చేయొచ్చు.

తమ్మునికి మేక లెక్క చెప్పినం. విని, "మరి అప్పుడే చెప్పొచ్చు గదన్నా" అన్నడు. ఫీజు ఐదుగురం జమ చేసి మళ్ల కట్టినం. ఈ ఎండకాలం సెలవులల్ల యామనపల్లి దిక్కు పోదామనుకుంటున్నం. కోటపల్లి, వేమనపల్లి, నెన్నెల దిక్కోళ్లు గ్రూపుల ఉంటే చెప్పుండ్రి. రెండు రాత్రులు ఉండనీకి జాగ కావాలె, ఎనుకట ఎముకలు తవ్వినప్పుడు కూలికి పోయిన పెద్దమనిషి ఎవరన్న ఉంటే కలవాలె. తమ్ముడు గూడ వస్తడట, సప్లీ రాసినంకనే.